నీళ్ళు రానివ్వని బండి

లప్పం అనేది అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. కానీ దళంలో ఆ పేరు తప్ప ఇంకో పేరు ఎవరికీ గుర్తు లేదు. కారుతున్న చోటు కంటపడితే చాలు, అతని చెయ్యి ఊరుకునేది కాదు. అది బండి రేడియేటర్ కావచ్చు, వర్క్‌షాపు పైకప్పు కావచ్చు, పక్కింటివాళ్ళ వంటింటి కొళాయి కావచ్చు. జేబులోంచి లప్పం ముద్ద తీసి, నొక్కి, బొటనవేలితో నున్నగా దువ్వి, చెవి ఆనించి కాసేపు విని, అప్పుడు గానీ అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. ముప్ఫై ఏళ్ళుగా సైన్యం బళ్ళ వర్క్‌షాపులో ఇదే పని. తాను మూసిన చోట చీమ దూరే సందు కూడా ఉండదని చెప్పుకునేవాడు. గొప్పలు పోతున్నాడని నవ్వేవాళ్ళు కూడా వెళ్ళి చూసి, నిజమేనని ఒప్పుకునేవాళ్ళు.

అలాంటి మనిషి చేతికి, బళ్ళను సముద్రంలో నడవడానికి సిద్ధం చేసే పని వచ్చింది.

సముద్రం అవతలి ఒడ్డున వాళ్ళ దళం ఒకటి ఇరుక్కుపోయి ఉంది. అటు వెళ్ళే వంతెన కూలిపోయింది. రేవు అనేది ఆ తీరంలో మొదటినుంచీ లేదు. తిండి, మందుగుండు, గాయాలకు కట్టే కట్లు, అన్నీ ఓడలోనే వెళ్ళాలి. ఓడేమో లోతు చాలక రెండు మైళ్ళ ఇవతలే లంగరు వేస్తుంది. దాని క్రేను బళ్ళను బల్లపరుపు పడవల మీదకు దించుతుంది. ఆ పడవలు కూడా ఒడ్డుదాకా పోలేవు, కొంచెం ముందే ఇసుక మేట తగిలి ఆగిపోతాయి. మేటకూ ఒడ్డుకూ మధ్య ఒక పల్లం ఉంది. అందులో మనిషికి గుండెల దాకా నీళ్ళు. పడవ ముందు తలుపు వాల్చగానే బళ్ళు ఆ నీళ్ళలోకి దిగి, తమ చక్రాల మీద తామే నడుచుకుంటూ ఒడ్డెక్కాలి. పని అంతా ఇంతే. చెప్పడానికి తేలిగ్గానే ఉంది.

ఇంజను వైర్ల చుట్టూ లప్పం పట్టించాలి. పొగగొట్టాన్ని పైకప్పు దాటేలా పొడిగించాలి. బ్యాటరీని పైకి ఎత్తి కట్టాలి. ఇవన్నీ వరసగా రాసిన కాగితం ఒకటి పైనుంచి వచ్చింది. లప్పం దాన్ని చదువుతూ బాగానే ఉందనుకున్నాడు, పదకొండో అంశం దగ్గరికి వచ్చేదాకా. డ్రైవరు కాళ్ళ కింద రెండు కన్నాలకూ, వెనక రేకు పెట్టె ఉండే మూతబండి అయితే ఆ పెట్టె అడుగున నాలుగు కన్నాలకూ ఉన్న రబ్బరు బిరడాలు నీళ్ళలోకి దిగేముందు తీసెయ్యాలట. అతను మూడుసార్లు చదివాడు. నీళ్ళలోకి దిగేముందు కన్నాలు తెరవమన్న ఈ మహానుభావుడు జన్మలో ఒక్కసారైనా స్నానం చేశాడా అని వర్క్‌షాపు అంతా వినబడేలా అడిగాడు. పై అధికారిని కూడా అడిగాడు. రాసింది రాసినట్టు చెయ్యమన్నాడాయన. ఎందుకని ఆయన చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళ పనివాడు ఇంకొకణ్ణి ఎందుకని అడగడమేమిటని లప్పం కూడా రెట్టించలేదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

అందుకని అన్ని బళ్ళకూ కాగితంలో ఉన్నట్టే చేశాడు. బిరడాలు ఊడదీసి, దారం కట్టి సీటు పక్కన వేలాడదీశాడు. చేస్తున్నంతసేపూ పళ్ళు నూరుకున్నాడు. డ్రైవర్లు కూడా సణిగారు. నడుం దాకా చన్నీళ్ళలో కూర్చుని బండి నడపమంటే ఎవరికి మాత్రం బాగుంటుంది. ఒక్క బండికి మాత్రం అతనికి చేతులు రాలేదు. అది బావమరిది బండి.

బావమరిది అంటే పేరుకే గానీ, పెళ్ళయిన కొత్తలోనే అక్కతో పాటు వచ్చి ఆ ఇంట్లో పెరిగినవాడు. బావకు తెలిసిన డ్రైవింగే అతనికీ వచ్చింది. ఇద్దరికీ ఒకరినొకరు ఆటపట్టించుకోకపోతే రోజు గడవదు. ఒకడు ఇంకొకడి టీలో ఉప్పు వేస్తాడు. ఇంకొకడు బదిలీ అయిందని దొంగ ఉత్తరం రాసి, పెట్టె సర్దుకునేదాకా నోరు మెదపడు. అంతటి అల్లరివాడికి నీళ్ళంటే మాత్రం ప్రాణభయం. ఈత రాదు, నేర్చుకోవడానికి కూడా దిగలేదు. వాడికి కట్లూ దూదీ మోసే మూతబండి ఇచ్చి సముద్రంలో దిగమన్నారని తెలిసిన రోజు, అక్క అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసి మొగుడి ముఖంలోకి చూసింది.

“వాడి కాలు తడవకుండా మీరు చూస్తారుగా?” అంది.

నేనుండగా నీకెందుకు బెంగ అన్నాడు లప్పం. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. బిరడాలు ఆరూ గట్టిగా బిగించి, వాటి మీద వేలెడు మందాన లప్పం పరిచాడు. పెట్టె అతుకులన్నీ మూశాడు. సముద్రంలో దిగే రోజు పొద్దున్న పడవలో బావమరిది సీట్లో కూర్చున్నాక తలుపుల అంచులూ అద్దాల అంచులూ బయటినుంచి లప్పంతో పూడ్చి, పైన పట్టీ అంటించాడు. చివరి అద్దం మూసేముందు వేలు చూపించి మరీ చెప్పాడు.

“కింద బిరడాల జోలికి వెళ్ళావంటే చంపేస్తాను. ఎవరు తియ్యమన్నా తియ్యకు. ఆఖరికి నేను చెప్పినా తియ్యకు.”

“ఇందులో వేళాకోళం ఏం లేదుగా?” అన్నాడు బావమరిది.

“మీ అక్క మీద ఒట్టు” అన్నాడు లప్పం.

మొదటి పడవలో ఆరు బళ్ళు. అయిదు మందుగుండు లారీలు, ఆఖరున బావమరిది మూతబండి. ఒడ్డుకు చేరిన బళ్ళ ఇంజన్లకు పట్టించిన లప్పం వెంటనే పీకెయ్యకపోతే వేడెక్కి ఆగిపోతాయి కనుక, లప్పం మొదటి లారీలోనే ఒడ్డుకు వచ్చేశాడు. నీళ్ళు అతని నడుం దాకా వచ్చాయి. ఇసుక మీద నిలబడి ప్యాంటు పిండుకుంటూ, ఇంకాసేపట్లో పొడి బట్టలతో దిగబోయే బావమరిదిని తలుచుకుని లోలోపల మురిసిపోయాడు.

ఒడ్డు మీద పెత్తనమంతా ఒక బక్కపలచని ఆఫీసరుది. నోట్లోంచి ఈల తియ్యడు గనక అందరూ ఈలాయన అనేవారు. బళ్ళు రావలసిన దారికి రెండు వైపులా నీళ్ళలో జెండా కర్రలు పాతించాడు. పల్లంలో నీళ్ళు ఒడ్డు వెంబడి పక్కకు లాగుతున్నాయి. కొంత దూరాన మేట తెగి గండి పడిన చోటుంది. లాగిన నీళ్ళన్నీ ఆ గండిలోంచి బయటికి, లోతు సముద్రంలోకి పోతున్నాయి. దారి తప్పిన బండిని లాగడానికి ఒక బుల్డోజరు సిద్ధంగా ఉంది. అది నడిపేది ఒక ఆడమనిషి. ఆవిణ్ణి అందరూ బుల్డోజరక్క అంటారు, వయసులో పెద్దవాళ్ళు కూడా.

అయిదు లారీలూ బరువుగా, బుద్ధిగా ఒడ్డెక్కాయి. ఆరోది పడవ తలుపు మీంచి నీళ్ళలోకి దిగింది. నాలుగు గజాలు నడిచింది. తర్వాత మెల్లగా, ఎవరో అడుగునుంచి అరచేతుల మీద ఎత్తినట్టు, పైకి లేచింది.

బండి తేలింది.

ఒడ్డు మీద వాళ్ళందరూ పనులాపి నిలబడిపోయారు. ఎవరో ఫక్కున నవ్వారు. లప్పం కూడా నవ్వాడు. దాచుకోవడం ఎందుకు, అతని ఛాతీ ఉప్పొంగింది. ఒక్క చుక్క లోపలికి పోలేదు కాబట్టే కదా అలా తేలింది. అంత పెద్ద బండిని సముద్రం మీద నిలబెట్టిన చెయ్యి తనది. అద్దం వెనక బావమరిది కూడా నవ్వుతూ చెయ్యి ఊపాడు. లప్పం తిరిగి చెయ్యి ఊపాడు.

“చక్రాలు తిరుగుతున్నాయి, బండి ముందుకు రావట్లేదేంటి?” అంది బుల్డోజరక్క.

నిజమే. చక్రాలు నీళ్ళను చిలుకుతున్నాయి. బండి ముక్కు ఒడ్డు వైపే ఉంది గానీ, బండి మాత్రం పక్కకు పోతోంది. చూస్తుండగానే ఎడమవైపు జెండా కర్రను వంచుకుంటూ దాటేసింది. గండి వైపు.

ఈలాయన లప్పం దగ్గరికి పరుగెత్తుకొచ్చి, అడుగు కన్నాలు తెరిచే ఉన్నాయి కదా అని అడిగాడు. అడగడం కూడా ఉన్నాయనే ధీమాతో అడిగాడు. అప్పుడు అర్థమైంది అతనికి. ఎవరూ చెప్పకుండానే, కళ్ళ ముందున్నదాన్ని చూసి అర్థమైంది. నీళ్ళు లోపలికి రాని డబ్బా తేలుతుంది. తేలే డబ్బాకు చక్రాలుండి లాభం లేదు. కన్నాలు తెరవమన్నది నీళ్ళు రానివ్వడానికే. ఆ నీళ్ళ బరువే బండిని నేలకు నొక్కి పట్టేది. లారీల్లో మందుగుండు బరువుంది. దూది బండిలో ఏముంది?

“తెరిచి లేవు. నేనే మూశాను. తలుపులూ, అద్దాలూ కూడా” అన్నాడు.

“ఎందుకు?”

“మావాడు కదా అని.”

ఈలాయన అతన్ని ఒక్క క్షణం చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే లప్పానికి కొంచెం ఊపిరాడేది. బుల్డోజరక్క అప్పటికే యంత్రం తిప్పింది. గొలుసు తగిలించి లాగితే తేలుతున్న బండి బోర్లా పడుతుందని, ముందు అది నేల మీద కూర్చోవాలని ఆవిడ అరిచి చెప్పింది. కూర్చోవాలంటే నీళ్ళు లోపలికి పోవాలి. అంటే బండిని ముంచాలి. లోపల ఈత రాని మనిషి ఉన్నాడు.

లప్పం బుల్డోజరు మెట్టెక్కి పక్కన వేలాడాడు. అతనికీ ఈత రాదు. ఆ సంగతి ఆ క్షణంలో అతనికి గుర్తు కూడా లేదు. నీళ్ళు మెట్టు దాటి, మోకాళ్ళు దాటి, పొట్ట దాటి వచ్చాయి. గండి దగ్గర పడుతున్న కొద్దీ నీళ్ళ రంగు మారుతోంది. బండిని అందుకునేసరికి గండి ఇంకో ముప్ఫై గజాలుందేమో. బుల్డోజరు ఇంజను మెడ దాకా మునిగి గురగురలాడుతోంది. ఇంతకంటే ముందుకు పోలేనంది బుల్డోజరక్క.

లప్పం అద్దం మీద దబదబా కొట్టాడు. లోపల బావమరిది సీట్లో తాపీగా కూర్చున్నాడు. పొడిగా, వెచ్చగా, జుట్టు కూడా చెదరకుండా ఉన్నాడు. లప్పం కిందకు వేలు చూపించాడు. బిరడా తియ్యి, బిరడా తియ్యి అని గొంతు చించుకున్నాడు. ఇంజన్ల రొదలో ఆ మాట లోపలికి పోయే దారి లేదు. ఆ దారులన్నీ తనే మూశాడు. చేత్తో పట్టి లాగుతున్నట్టు సైగ చేశాడు.

బావమరిదికి సైగ అర్థమైంది. కాళ్ళ కిందకు చూశాడు, మళ్ళీ బావను చూశాడు. చూసి నవ్వాడు. తల అడ్డంగా ఊపాడు. నీ వేషాలు నాకు తెలియవా అన్నట్టు చూపుడువేలు ఆడించాడు. నేను చెప్పినా తియ్యకు అన్న మనిషే వచ్చి తియ్యమంటుంటే, టీలో ఉప్పు తాగినవాడెవడైనా నమ్ముతాడా? లప్పం రెండు చేతులూ జోడించాడు. ఏడ్చాడు కూడా. ముఖం నిండా ఉప్పునీళ్ళే ఉంటే ఏడుపు ఎవరికి కనిపిస్తుంది. బావమరిది ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఇన్నేళ్ళ వేళాకోళమంతా ఆ అద్దానికి అవతల కూర్చుని నవ్వుతోంది.

ఇక లాభం లేదని లప్పం బుల్డోజరక్క సీటు పక్కనున్న స్పానరు లాక్కుని అద్దం పగలగొట్టాడు. నడుం దాకా లోపలికి దూరి, తలకిందులుగా వేలాడుతూ, తను పరిచిన లప్పాన్ని గోళ్ళతో పీకాడు. వేలెడు మందం. ఎంత గట్టిగా పరిచాడో అప్పుడు తెలిసింది. గోరు ఊడింది గానీ బిరడా ఊడలేదు. బావమరిది అతని భుజాలు పట్టుకుని వెనక్కి నెట్టాడు. నవ్వు పోయి, కళ్ళు పెద్దవయ్యాయి. పిచ్చెక్కిందా బావా అని అరిచాడు. బిరడా ఒకటి ఊడొచ్చింది. నీళ్ళు చిమ్ముకుంటూ పైకి లేచాయి. బావమరిది కేకపెట్టి ఆ కన్నాన్ని చేత్తో మూసెయ్యబోయాడు. బావ ఆ చేతిని పట్టుకుని ఆపాడు. చన్నీళ్ళలో, బండి అడుగున, ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు విరిచేసుకునేంత పని చేశారు. ఒకడు బతకడానికి, ఇంకొకడు బతికించడానికి.

ఒక్క కన్నంతో అయ్యే పని కాదని బుల్డోజరక్క చూసింది. వెనక పెట్టె నిండా గాలే. ఆవిడ యంత్రం ముందున్న ఇనుప పలక మూల ఎత్తి పెట్టె రేకును అడుగునుంచి చీల్చింది. రేకు పెద్ద చప్పుడుతో విచ్చుకుంది. నీళ్ళు లోపలికి దూకాయి. బండి ఒక పక్కకు వాలి, మునిగి, చక్రాలు నేలకు తగిలి ఆగింది. నీళ్ళు సీటు దాటి బావమరిది తల మీదకు వచ్చేశాయి.

అతన్ని పగిలిన అద్దంలోంచి ఎలా లాగాడో లప్పానికి తర్వాత ఎప్పుడూ గుర్తు రాలేదు. జుట్టు పట్టుకున్నట్టు మాత్రం గుర్తు. బుల్డోజరు మీద ఒడ్డుకు చేర్చి ఇసుకలో బోర్లా పడుకోబెట్టారు. కాసేపు ఉలుకూ పలుకూ లేదు. ఈలాయన మోకాళ్ళ మీద కూర్చుని వీపు నొక్కుతున్నాడు. లప్పం నిలువుగుడ్లతో నిలబడి చూస్తున్నాడు. పెళ్ళానికి ఏం చెప్పాలి అన్న మాట ఒక్కటే బుర్రలో తిరుగుతోంది. వాడి కాలు తడవలేదే, అని చెప్పాలా?

బావమరిది దగ్గాడు. నీళ్ళు కక్కాడు. ఇంకా కక్కాడు. చివరికి పక్కకు తిరిగి కళ్ళు తెరిచి బావను వెతుక్కున్నాడు.

“నువ్వే చెప్పావుగా తియ్యొద్దని” అన్నాడు.

లప్పం ఇసుకలో కూలబడ్డాడు. అవునురా, నాదే తప్పు అన్నాడు. కాగితంలో ఉన్నది నిజమని, మూసిన బండి తేలుతుందని, తనకు తెలియక చేశానని, ఇంకేవో కూడా అన్నాడు. బావమరిది వింటున్నాడు. వింటూ వింటూ అతని ముఖంలో ఉన్న కాస్త రంగూ పోయింది. మోచేతి మీద లేచాడు.

“మరి వెనక వచ్చే బళ్ళు?”

“వాటికేం, అన్నీ కాగితం ప్రకారమే చేశాను.”

“లేదు బావా. నా బండి చూసి వాళ్ళూ అడిగారు. ఓడలో నీ పెట్టెలో మిగిలిన లప్పం తీసి నేనే మూశాను. ఆరు మూతబళ్ళకీ, తలుపుల అంచులతో సహా. నీ చెయ్యంత నున్నగా రాలేదు గానీ గట్టిగానే పట్టించాం. కాగితంలోది ఊరికే రాసిందని, నువ్వు సొంతవాడికి చేసిందే అసలు పని అని అందరం అనుకున్నాం.”

లప్పానికి వినబడింది గానీ, అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తలెత్తి సముద్రం వైపు చూశాడు. రెండో పడవ మేట మీద ఆగి ఉంది. ముందు తలుపు వాలుతోంది.

అతను అరిచాడో లేదో గానీ ఈలాయన మాత్రం చటుక్కున లేచాడు. ఈల ఊదాడు. ఎదురు గాలికి అది నీళ్ళ అంచు కూడా దాటలేదు. ఎర్రజెండా కర్ర లాక్కుని నీళ్ళలోకి పరుగెత్తి తల మీద ఊపాడు. పడవ తలుపు మీద మొదటి మూతబండి ముందు చక్రాలు నీళ్ళను తాకాయి. ఇంకో అడుగు వేసింది. ఆగింది. వెనక్కి జరిగింది.

బుల్డోజరు మీద లప్పాన్ని పడవ దగ్గరికి తీసుకుపోయారు. ఆటుపోటు మారకముందే బళ్ళన్నీ దిగిపోవాలి. పెట్టెల పై అరల్లో, నీళ్ళు అందని ఎత్తున పేర్చిన పొడి కట్ల కోసం అవతల డాక్టర్లు ఎదురుచూస్తున్నారు. ఒక బండి దూదంతా సముద్రం పాలైంది కూడా. పడవ తలుపు ఎత్తి ఉన్నంతసేపు లోపలివాళ్ళకు ఒడ్డు కనబడదు. తలుపు వాలాక చూసి, ఇంజను ఆగిపోయి బండేదో వాలింది అనుకున్నారు, అంతే. ఆరుగురు డ్రైవర్లూ అతన్ని చూసి బళ్ళు దిగి మర్యాదగా నిలబడ్డారు. ఆరు బళ్ళ తలుపుల అంచుల్లోనూ బొటనవేలి గుర్తులతో లప్పం కనిపించింది. వంకరటింకరగా, ఎంతో శ్రద్ధగా. తన చేతిపని ఎవరైనా నేర్చుకుంటే పొంగిపోయే మనిషి అతను.

అన్నీ పీకెయ్యమన్నాడు. బిరడాలు తియ్యమన్నాడు. ఎవరూ కదల్లేదు. మొదటి బండి డ్రైవరమ్మాయి, పాతికేళ్ళు కూడా లేవు, తలుపుకు అడ్డంగా నిలబడింది.

“మీ బావమరిదికైతే మూస్తారు, మాకైతే తియ్యమంటారా?” అంది.

జరిగిందంతా చెబుదామనుకున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మాట ముక్కలై వస్తోంది. ముక్కలైన మాటను ఎవరు నమ్ముతారు? మొన్నటిదాకా నీళ్ళకు కన్నం తెరవమన్నవాణ్ణి వర్క్‌షాపు నడిమధ్య నిలబడి వెక్కిరించింది తనే కదా. చివరికి ఒక్కటే అన్నాడు.

“నీ పక్కన నేను కూర్చుంటాను. నాకూ ఈత రాదు.”

ఆ అమ్మాయి అతని చేతి వంక చూసింది. గోరు ఊడిన వేలినుంచి రక్తం కారుతోంది. తర్వాత పక్కకు తప్పుకుంది.

అతనే వంగి బిరడాలు తీశాడు. పెట్టె కిందివీ తీశాడు. బండి పడవ తలుపు దాటి నీళ్ళలోకి దిగింది. కన్నంలోంచి నీళ్ళు బుస్సుమని లేచి అతని మడమకు తగిలాయి. ముప్ఫై ఏళ్ళ అలవాటు. మడమ దానంతటదే ఆ కన్నం మీదకు పోయింది. కాలు వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ పోయింది. రెండు కాళ్ళూ సీటు మీదకు ముడుచుకుని, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళు సీటెక్కాయి. పల్లం మధ్యకు వచ్చేసరికి బండి వెనకభాగం తేలిగ్గా లేచింది. చక్రం ఒకటి ఉత్తినే తిరిగిన చప్పుడైంది. అద్దంలోంచి గండి కనబడుతోంది.

“నీళ్ళు ఆగట్లేదు” అంది ఆ అమ్మాయి.

“రానీ తల్లీ” అన్నాడు లప్పం. “ఇంకా రానీ.”

నీళ్ళు నడుం దాటాయి. బండి వెనకభాగం బరువెక్కి కిందకు దిగింది. కింద ఇసుక తగిలింది. చక్రాలు పట్టు చిక్కించుకుని, ఒకదాని తర్వాత ఒకటి, ముందుకు నడిచాయి. ఒడ్డెక్కి ఆగాక తలుపు తెరిస్తే నీళ్ళు జలజలా బయటికి పోయాయి. ఆ అమ్మాయి దిగి, ఇసుక మీద పడుకుని ఉన్న మనిషినీ, దూరాన రేకు చీలి వాలిపోయిన బండినీ చూసింది. చూసి వెనక్కి తిరిగి లప్పం ముఖంలోకి చూసింది.

లప్పం దిగలేకపోయాడు. సీట్లోంచి పడవ వైపు చూస్తూ ఉండిపోయాడు. అక్కడ ఇంకా అయిదుగురున్నారు. ఒక్కొక్కరి తలుపుకూ తన లప్పమే ఉంది. ఇంట్లోవాడి మీద ప్రేమతో తను చేసిన పని, చెప్పకుండా, అడగకుండా, అయిదుగురి ప్రాణాల దాకా పాకిపోయింది. ఎవరూ తనను అనుమానించలేదు. పని తెలిసినవాడని నమ్మారు, అంతే.

పడవ మీదినుంచి రెండో బండి డ్రైవరు చేతులు ఊపుతున్నాడు. ఏం అడుగుతున్నాడో ఇంత దూరానికి వినబడటం లేదు. కానీ పక్క సీటు చూపిస్తున్నాడు.

లప్పం దిగి బుల్డోజరు వైపు నడిచాడు.